ఐసోలేటర్ నిజంగా విడదీస్తదా: నల్లగొండ వర్క్‌షాప్ పరీక్ష బెంచ్ డైరీ

కైగా, కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రాల షట్‌డౌన్ పనులకు పోయే ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లకు ఐసోలేషన్ పరీక్షను చేతులతో చేసి చూపించడానికి కట్టిన బెంచ్ ఇది. ఎవరైనా ఇదే కట్టుకోవాలనుకుంటే మేం డబ్బు, మాడ్యూళ్లు ఎక్కడ పోగొట్టుకున్నమో చూసి కట్టుకోవచ్చు. వాడినవి స్క్రాప్‌లో కొన్న ఫ్యాక్టరీ ఐసోలేటర్ మాడ్యూళ్లు. అణు కేంద్రం అర్హత ఉన్నవి కావు. ఈ బెంచ్ మీద పాసైందని ఏ మాడ్యూల్‌నూ ప్లాంట్‌లో పెట్టరాదు. పద్ధతి మాత్రం అదే.

పరీక్షించేది ఏమిటో ముందు. రియాక్టర్ భద్రతా ఛానల్‌లో పీడనమో, నీటి మట్టమో 4–20 మిల్లీఆంప్ సిగ్నల్‌గా వస్తది. దాన్ని ట్రిప్ లాజిక్ (హద్దు దాటితే రియాక్టర్‌ను ఆపే సర్క్యూట్) చదువుతది. అదే సిగ్నల్‌ను ప్లాంట్ కంప్యూటర్‌కూ రికార్డర్‌కూ చూపించాలె. మధ్యలో ఐసోలేటర్ ఉంటది. కంప్యూటర్ వైపు వైరు తెగినా, షార్ట్ అయినా, కరెంటు లైను తగిలినా ట్రిప్ లాజిక్ వైపు ఏమీ కదలొద్దు. ఐఈఈఈ 384 ప్రమాణం (అణు కేంద్రాల్లో భద్రతా సర్క్యూట్లను వేరుగా ఉంచడానికి) అడిగేది ఇదే: మామూలు (కంప్యూటర్) వైపు రాగల అతిపెద్ద ఫాల్ట్‌ను పెట్టి చూడాలె. అంటే ఫాల్ట్ పెట్టేది అవుట్‌పుట్ మీద, కొలిచేది ఇన్‌పుట్ దగ్గర. కొత్తగా వచ్చినోళ్లు దీన్ని తలకిందులుగా చేస్తరు. ఇన్‌పుట్‌లో షార్ట్ కొట్టి అవుట్‌పుట్ చూస్తరు.

మాడ్యూళ్లు ఆరు. అన్నిటికీ 24 వోల్ట్ డీసీ సప్లై, మూడు పోర్టులు: ఇన్‌పుట్, అవుట్‌పుట్, సప్లై. రేటింగ్ 1500 వోల్ట్ ఏసీ, 1 నిమిషం. 1 నుంచి 6 దాకా పెయింట్‌తో నంబర్లు వేసినం.

మొదటి దశ: ఎర్త్ (ఏప్రిల్)

ఇది క్లుప్తంగా, ఎందుకంటే సగం వృథా ఖర్చు.

3 మీటర్ల జీఐ పైపు దింపబోతే 1.7 మీటర్ల దగ్గర బండ తగిలింది. పైన మొరం, కింద రాయి; ఈ జిల్లాలో చాలా చోట్ల ఇంతే. ఎర్త్ టెస్టర్‌తో 21 ఓమ్‌లు. 4 మీటర్ల దూరంలో రెండో పిట్ తీసి కలిపితే 11. బెంటొనైట్ పోసి, పక్క సందులోని ఆర్వో ప్లాంట్ వదిలేసే ఉప్పు నీళ్లు రోజుకు రెండు బిందెలు పోస్తే తొమ్మిది రోజులకు 5.8.

తర్వాత తెలిసింది: ఫాల్ట్ పరీక్షలో కరెంటు తిరిగి పోయేది మట్టిలో నుంచి కాదు, బెంచ్ వెనకాల రాగి పట్టీ మీదుగానే. ఫాల్ట్ కరెంటు ఇచ్చే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (నాలుగో దశలో కొన్నది) సెకండరీలో ఒక కొసను ఆ పట్టీకే కట్టినం కాబట్టి చుట్టు అక్కడే పూర్తయితది. పిట్ పని బెంచ్ ఫ్రేమును నేల వోల్టేజీ దగ్గర ఉంచడం వరకే. మొదటి పిట్‌తో ఆగి, మిగిలిన పైసలు మంచి రాగి పట్టీకి పెట్టాల్సింది.

ఖర్చు: మాడ్యూళ్లు 4,200, రెండు పిట్లు 3,650, సెకండ్‌హ్యాండ్ 500 వోల్ట్ మెగ్గర్ (ఇన్సులేషన్ ఓమ్‌లు కొలిచే మీటర్) 4,500. ఇప్పటిదాకా మొత్తం రూ. 12,350.

రెండో దశ: మెగ్గర్ రీడింగులు (మే)

వరుస:

1. మాడ్యూల్ విప్పి, బోర్డు మీద ఫ్లక్స్, దుమ్ము తుడవాలె.
2. ఒక్కో పోర్టు టర్మినళ్లన్నిటినీ చిన్న వైరుతో కలిపేయాలె.
3. 500 వోల్ట్ డీసీ, 1 నిమిషం: ఇన్‌పుట్–అవుట్‌పుట్, ఇన్‌పుట్–సప్లై, అవుట్‌పుట్–సప్లై, ప్రతి పోర్టు–డబ్బా.
4. గది ఉష్ణోగ్రత, తేమ పక్కనే రాయాలె. పది డిగ్రీలు పెరిగితే రీడింగ్ సుమారు సగమైతది. మధ్యాహ్నం 41 డిగ్రీల్లో కొలిచిందాన్ని పొద్దున 27లో కొలిచినదాంతో పోల్చొద్దు.

ఐదు మాడ్యూళ్లు 1,400 మెగాఓమ్‌ల పైన చూపించినయి. 3వ నంబరు 38 దగ్గర ఆగింది. ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుగుగా మార్చి అవతలికి దాటించే చిప్) పోయిందనుకుని కొత్తది వేసినం. 41. పాతదే బాగుంది.

తప్పు కడిగిన నీళ్లది. 3వ నంబరుకే ఫ్లక్స్ ఎక్కువుంటే తుడిచి, చివరికి బోరు నీళ్లతో కడిగినం. టీడీఎస్ పెన్ను ఆ నీళ్లలో 1,100 చూపించింది. ఆరినంక కంటికి ఏమీ కనపడదు. బోర్డును కిటికీ వెలుగుకు ఏటవాలుగా పెడితే ఆప్టోకప్లర్ కాళ్ల మధ్య సన్నటి తెల్ల పొర, స్టీలు గిన్నె అడుగున మిగిలే పొర లాంటిదే, కనిపించింది. ఆ ఉప్పు గాలిలో తేమను పీల్చి కరెంటుకు బాట వేస్తది. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టిన సంగతి తెలిసినోళ్లమే, బోర్డు దగ్గర మాత్రం మరిచినం. అదే జాతి నీళ్లు ఎర్త్ పిట్‌కు మందు, బోర్డుకు విషం.

మార్చింది: ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్, తర్వాత బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో రెండు సార్లు కడుగుడు, 60 డిగ్రీల్లో 4 గంటలు. రీడింగ్ 1,900.

ఇంకో చిన్న మోసం: మెగ్గర్ లీడ్లు చెక్క టేబుల్ మీద పడి ఉంటే వానపడ్డ రోజు రీడింగ్ మూడో వంతు తగ్గింది. అది మాడ్యూల్‌ది కాదు, టేబుల్‌ది. లీడ్లను గాలిలో వేలాడదీసి కొలవాలె.

ఖర్చు: ఆల్కహాల్ 380, డిస్టిల్డ్ వాటర్ 120, డిజిటల్ వెర్నియర్ 850. మొత్తం రూ. 13,700. మాడ్యూళ్లు: ఆరుకు ఆరు.

మూడో దశ: హైవోల్టేజీ పరీక్ష (జూన్)

టెస్టర్ మూడు రోజులకు కిరాయి. రబ్బరు మ్యాట్, ఇద్దరు మనుషులు, బెంచ్ చుట్టూ తాడు. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే చాలని ధైర్యం వద్దు. 1500 వోల్ట్ టెస్టర్ అవుట్‌పుట్‌కు దానితో సంబంధం లేదు.

మొదటి రోజు 1వ నంబరు 1,450 దాటంగనే ట్రిప్ అయింది. మళ్లీ కొడితే అక్కడే. 4, 6 కూడా దాదాపు అక్కడే. మూడు మాడ్యూళ్లూ ఒకే వోల్టేజీ దగ్గర పాడుండవు. అనుమానం టెస్టర్ సెట్టింగ్ మీదికి పోయింది. ట్రిప్ (టెస్టర్ తనంతట ఆగిపోయే కరెంటు హద్దు) 1 మిల్లీఆంప్ మీద ఉండె. ఎల్‌సీఆర్ మీటర్‌తో ఇన్‌పుట్–అవుట్‌పుట్ మధ్య కొలిస్తే 2.2 నానోఫారడ్ కెపాసిటర్ ఉంది. నాయిస్ తగ్గించడానికి తయారీదారు పెట్టిందే. లెక్క: 2 × 3.1416 × 50 × 2.2 నానోఫారడ్ × 1500 = 1.04 మిల్లీఆంప్. ఆ కరెంటు కెపాసిటర్‌లో నుంచి న్యాయంగా పోయేదే.

ట్రిప్ 3 మిల్లీఆంప్‌కు పెంచి, మెట్టుమెట్టుకు కరెంటు రాసినం:

500 వోల్ట్: 0.35 మిల్లీఆంప్
1000 వోల్ట్: 0.69
1500 వోల్ట్: 1.04

గీత తిన్నగా పోతే అది కెపాసిటర్. పైకి వంగితే ఇన్సులేషన్ లొంగుతున్నట్టు. పాస్, ఫెయిల్ దీపం కన్నా ఈ మూడు అంకెలే ఎక్కువ చెప్తయి.

2వ నంబరును మేమే చంపినం. ఇన్‌పుట్ ప్లస్ మాత్రమే కట్టి, మైనస్‌ను వదిలేసి, ర్యాంప్ లేకుండ ఒకేసారి 1500 ఇచ్చినం. గోడ (రెండు వైపుల మధ్య ఇన్సులేషన్) తట్టుకుంది, లోపల సిగ్నల్‌ను పెంచే ఆప్‌ఆంప్ చిప్ పోయింది. అప్పటి నుంచి పరీక్ష కాగితంలో మొదటి గీత: అన్ని టర్మినళ్లు కలిపినమా? రెండో గీత: ర్యాంప్ 10 సెకన్లు.

5వ నంబరు నిజంగానే ఫెయిల్. 1,180 దగ్గర టప్ మని నీలి నిప్పురవ్వ. విప్పి చూస్తే ఎవరో పాత రిపేరులో సోల్డర్ బొట్టును రెండు వైపులను విడదీసే బోర్డు మధ్య గాటు మీదికి జార్చిన్రు. మామూలుగా 5.5 మిల్లీమీటర్లు ఉండే ఎడం అక్కడ 0.6 ఉంది. మెగ్గర్‌కు దొరకలేదు, ఎందుకంటే 500 వోల్ట్‌కు ఆ ఎడం చాలు. కంటితో చూసినా దొరికేది. చూడలేదు, అంతే. వెర్నియర్ అప్పటికే కొన్నం కూడా.

పరీక్ష మళ్లీ చేయాల్సొస్తే 1200 వోల్ట్ మీదనే చేస్తం. 1500 పదే పదే ఇస్తే మంచి ఇన్సులేషన్ కూడా అరుగుతది.

ఖర్చు: కిరాయి 4,500. మొత్తం రూ. 18,200. మాడ్యూళ్లు: 1, 3, 4, 6 మిగిలినయి. 3ను ఫాల్ట్ పెట్టకుండ పోలిక కోసం పక్కకు పెట్టినం.

నాలుగో దశ: ఫాల్ట్ పెట్టే పెట్టె (జూన్ చివర, జులై)

ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, వేరియాక్ (వోల్టేజీని తిప్పి మార్చే ట్రాన్స్‌ఫార్మర్), ఫ్యూజు, పుష్ బటన్‌తో కాంటాక్టర్ (పెద్ద కరెంటు స్విచ్). మాడ్యూల్ ఇనుప పెట్టెలో, మీద పాలికార్బొనేట్ మూత.

ఇన్‌పుట్ లూప్‌లో 250 ఓమ్‌ల ప్రెసిషన్ రెసిస్టర్: 12 మిల్లీఆంప్‌కు 3.000 వోల్ట్. పరిమితి స్పాన్‌లో (4 నుంచి 20 దాకా ఉన్న 16 మిల్లీఆంప్‌లలో) 0.1 శాతం పెట్టుకున్నం, అంటే 16 మైక్రోఆంప్, రెసిస్టర్ మీద 4 మిల్లీవోల్ట్. పక్కన 14 మిల్లీఆంప్ దగ్గర పడిపోయే (అంటే ట్రిప్ ఇచ్చే) ట్రిప్ రిలే. ఒక్కో ఫాల్ట్‌కు రెండు ప్రశ్నలు: 12 దగ్గర ఉన్నప్పుడు రిలే ఊరికే పడుతుందా? ఫాల్ట్ నడుస్తుండంగ 14.5కు పెంచితే పడాల్సింది పడుతుందా? చాలామంది మొదటిదే చూసి సంతకం పెడతరు. భద్రతకు రెండోదే ముఖ్యం.

ఫాల్ట్‌ల వరుస, నష్టం లేనివి ముందు:

1. అవుట్‌పుట్ ఓపెన్
2. అవుట్‌పుట్ షార్ట్
3. ప్లస్ ఎర్త్‌కు
4. మైనస్ ఎర్త్‌కు
5. రెండూ కలిపి ఎర్త్‌కు 240 వోల్ట్ ఏసీ, తర్వాత 220 వోల్ట్ డీసీ
6. చివరగా ప్లస్, మైనస్ మధ్య 240 వోల్ట్ ఏసీ, 220 వోల్ట్ డీసీ

మొదటి ఐదూ 4, 12, 20 మిల్లీఆంప్‌ల దగ్గర చేయొచ్చు. ఆరోది అవుట్‌పుట్‌ను కాల్చేస్తది కాబట్టి మాడ్యూల్‌కు ఒక్కసారే, 12 దగ్గర.

తొలి ప్రయత్నానికి 100 వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టినం. వైరింగ్ తప్పుంటే బల్బు వెలుగుతది, ఏదీ కాలదు. కానీ బల్బు వేడెక్కినంక అర ఆంపు కూడా దాటదు. దాన్ని అతిపెద్ద ఫాల్ట్ అని రాసుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. రెండో సారి బల్బు తీసి ఫ్యూజు ఒక్కటే ఉంచాలె.

4వ నంబరుకు ఆరో ఫాల్ట్. బటన్ నొక్కంగనే అవుట్‌పుట్ ట్రాక్ ఆవిరైంది, అది అనుకున్నదే. ఇన్‌పుట్ మాత్రం 12.00 నుంచి సున్నాకు పడిపోయింది. మెగ్గర్ పెడితే మూడు గోడలూ బాగానే ఉన్నయి: ఇన్‌పుట్–అవుట్‌పుట్ 1,600. గోడ నిలబడింది, సిగ్నల్ పోయింది.

రెండు రోజులు మాడ్యూల్‌లోనే వెతికినం. కారణం బయట ఉంది. ఇన్‌పుట్ లూప్‌కు, మాడ్యూల్ సప్లైకి, అవుట్‌పుట్ లూప్‌కు ఒకే 24 వోల్ట్ ఎస్‌ఎంపీఎస్ (ఏసీని డీసీ చేసే సప్లై) నుంచి కరెంటు తీసినం, బెంచ్ మీద వైర్లు తక్కువైతయని. అవుట్‌పుట్ మీద పెట్టిన 240 ఆ ఎస్‌ఎంపీఎస్‌లోకి ఎక్కింది, అది చచ్చింది, దానితో ఇన్‌పుట్ లూప్ కూడా. ఐసోలేటర్ పక్కదారిలో మేమే రోడ్డు వేసినం.

మార్చింది: ఇన్‌పుట్ లూప్‌కు, మాడ్యూల్ సప్లైకి 12 వోల్ట్ 7 ఆంపవర్ బ్యాటరీలు రెండు సీరీస్‌లో, ఎర్త్‌కు ఎక్కడా తగలకుండ. అవుట్‌పుట్‌కు వేరే ఎస్‌ఎంపీఎస్. ప్లాంట్‌లోనూ ఇంతే: ఐసోలేటర్‌ను భద్రతా వ్యవస్థలో భాగంగానే లెక్కిస్తరు, కరెంటు ఆ వైపు నుంచే వస్తది.

వైర్లు కూడా విప్పి మళ్లీ కట్టినం. ఇన్‌పుట్, అవుట్‌పుట్ వైర్లు ఒకే కేబుల్ టై కింద ఉండె. ప్యానెల్ లోపల కూడా ఐఈఈఈ 384 ఎడం అడుగుతది. బెంచ్ మీద 15 సెంటీమీటర్లు పెట్టినం. బయట కేబుల్ ట్రేలకు మామూలు ప్రాంతాల్లో అడ్డంగా 0.9 మీటరు, నిలువుగా 1.5 మీటర్లు. ఈ ఎడాలు ఎందుకో రెండు మంటలు చూపిస్తయి. 1975 మార్చి 22న అలబామాలోని బ్రౌన్స్ ఫెర్రీలో గాలి లీకు చూడటానికి పట్టుకున్న కొవ్వొత్తి నుంచి మంట అంటుకుని 1,600కు పైగా కేబుళ్లు కాలినయి. మన దగ్గర 1993 మార్చి 31న నరోరాలో టర్బైన్ బ్లేడ్లు విరిగి, మంట కేబుళ్ల వెంట పాకి, బ్యాటరీ కరెంటు సహా అన్నీ పోయి ఒకటో యూనిట్ సుమారు 17 గంటలు కరెంటు లేకుండ ఉంది. గ్రిడ్డు, డీజిల్, ఇన్వర్టర్, బ్యాటరీ అని నాలుగు తరగతులుగా ఉన్నా కేబుళ్లు దగ్గర దగ్గరగా పోతే నాలుగూ ఒకటే.

ఖర్చు: ట్రాన్స్‌ఫార్మర్ 4,800, వేరియాక్ 3,900, కాంటాక్టర్, పెట్టె వగైరా 2,600, చచ్చిన ఎస్‌ఎంపీఎస్‌కు బదులు కొత్తది 1,450, బ్యాటరీలు 1,900. మొత్తం రూ. 32,850.

ఐదో దశ: స్కోప్ చేసిన తప్పు (జులై)

1వ నంబరు, ఐదో ఫాల్ట్, 240 ఏసీ. స్కోప్ (వోల్టేజీ అలను తెర మీద చూపే పరికరం) రెసిస్టర్ మీద 41 మిల్లీవోల్ట్‌ల 50 హెర్ట్జ్ అల చూపించింది. పరిమితికి పది రెట్లు. ఫెయిల్ అని రాయబోయి ఆగినం, ఎందుకంటే అంకె తెలిసినట్టు అనిపించింది. 2.2 నానోఫారడ్‌కు 240 వోల్ట్ దగ్గర 0.166 మిల్లీఆంప్. దాన్ని 250తో గుణిస్తే 41. హైవోల్టేజీ పరీక్షలో కనపడ్డ కెపాసిటరే మళ్లీ.

మరి ఆ కరెంటు రెసిస్టర్‌లో నుంచి ఎందుకు పోయింది? ఇన్‌పుట్ లూప్ బ్యాటరీ మీద ఉంది, ఎర్త్ లేదు, తిరిగిపోయే దారి ఉండొద్దు. దారి స్కోప్ ఇచ్చింది. టేబుల్ స్కోప్ ప్రోబ్ నల్ల క్లిప్ లోపల మెయిన్స్ ఎర్త్‌కే కట్టి ఉంటది. దాన్ని రెసిస్టర్‌కు బ్యాటరీ వైపు కొసన పెట్టినం. గోడ దాటి వచ్చిన కరెంటు రెసిస్టర్ గుండా క్లిప్‌లోకి దిగింది.

బ్యాటరీతో నడిచే హ్యాండ్‌హెల్డ్ స్కోప్, రెండు ఛానళ్లూ విడివిడిగా ఐసోలేట్ అయినది, రెండు రోజులు కిరాయికి తెచ్చినం. అదే ఫాల్ట్, 1 మిల్లీవోల్ట్. ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్‌తో రికార్డు చేసినా టేబుల్ స్కోప్ తంటానే వస్తది. ఛార్జర్ పీకి చేయాలె.

అయితే ఇక్కడితో ఫైలు మూయరాదు. ప్లాంట్‌లో లూప్‌కు ఒక చోట ఎర్త్ ఉండొచ్చు. అందుకని కావాలనే ఎర్త్ ఇచ్చి మళ్లీ కొలిచినం:

ఎర్త్ లేదు: 1 మిల్లీవోల్ట్
ఐసోలేటర్ మైనస్ టర్మినల్ దగ్గర ఎర్త్: 2 మిల్లీవోల్ట్
రెసిస్టర్ దాటినంక, బ్యాటరీ వైపు ఎర్త్: 41 మిల్లీవోల్ట్

మాడ్యూల్ అదే, ఫాల్ట్ అదే. ఎర్త్ పాయింట్ రెసిస్టర్‌కు ఏ వైపున ఉందన్నదే తేడా. పరీక్ష రిపోర్టులో ఎర్త్ పాయింట్ బొమ్మ గీయకపోతే ఆ రిపోర్టు చదివినోడికి ఏమీ తెలియదు.

1వ నంబరు ఆరో ఫాల్ట్, ఏసీ: ఇన్‌పుట్ కదలిక 2 మిల్లీవోల్ట్, రిలే పడలేదు, 14.5కు పెంచితే 39 మిల్లీసెకన్లకు పడింది. ఫాల్ట్ లేనప్పుడు 38. తర్వాత మెగ్గర్ 1,700. పాస్.

ఖర్చు: స్కోప్ కిరాయి 2,400. మొత్తం రూ. 35,250.

ఆరో దశ: 220 డీసీ (ఆగస్టు)

పాత యూపీఎస్‌లలో తీసిన 12 వోల్ట్ బ్యాటరీలు 18, ఒక్కోటి 300 లెక్కన. ఛార్జ్ చేసినంక 231 వోల్ట్. బ్యాటరీ లైను ఏసీ కన్నా మొండిది: ఏసీ సెకనుకు వంద సార్లు సున్నా దాటుతది, నిప్పు అక్కడ ఆరే అవకాశం ఉంటది. డీసీకి ఆ సున్నా లేదు.

ఆ సంగతి తెలిసి కూడా ఏసీకి వాడిన 2 ఆంపుల గాజు ఫ్యూజునే ఉంచినం. 6వ నంబరు, ఆరో ఫాల్ట్. ఫ్యూజు తీగ కరిగింది గానీ నిప్పు ఆగలేదు. గాజు పగిలి, హోల్డర్ మాడి, కాంటాక్టర్ విడిచినంకనే ఆరింది. అంతసేపూ మాడ్యూల్ అవుట్‌పుట్ మూల కాలింది.

ఇన్‌పుట్ కదలిక 1 మిల్లీవోల్ట్. ఇన్‌పుట్–అవుట్‌పుట్ మెగ్గర్ 1,100. కాగితం మీద పాసే. అవుట్‌పుట్–సప్లై పెడితే 0.4 మెగాఓమ్. మూత తీస్తే సప్లై టర్మినల్ నుంచి అవుట్‌పుట్ దాకా వేలితో గీసినట్టు నల్లటి మసి. సప్లై వచ్చేది భద్రత వైపు నుంచి. అంటే ఈ గోడ కూలిందంటే భద్రత వైపు గోడే కూలినట్టు. ఫెయిల్ రాసినం. ఇన్‌పుట్–అవుట్‌పుట్ ఒక్కటే కొలిచే అలవాటు ఉన్న చోట ఇది పాసై పోయేది. 4వ నంబరు పరీక్షను చెడగొట్టింది కూడా సప్లై దారే.

మళ్లీ చేయడానికి ఫాల్ట్ చూడని మాడ్యూల్ 3 ఒక్కటే. పోలిక కోసం దాచింది, అయినా వాడినం. 2 ఆంపుల డీసీ రేటింగ్ హెచ్ఆర్‌సీ (పెద్ద ఫాల్ట్ కరెంటును తెంచగల) ఫ్యూజు, హోల్డర్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించినం. ఫ్యూజు చప్పుడు లేకుండ తెగింది. ఇన్‌పుట్ కదలిక 1 మిల్లీవోల్ట్, అవుట్‌పుట్–సప్లై 1,400. పాస్, కానీ ఆ ఫ్యూజుతోనే. రిపోర్టులో ఫ్యూజు రకం, రేటింగ్, డీసీ వోల్టేజీ రాసి, వేరే ఫ్యూజు వేస్తే ఈ ఫలితం చెల్లదని రాసినం.

ఖర్చు: బ్యాటరీలు 5,400, ఫ్యూజులు, హోల్డర్ 1,120. మొత్తం రూ. 41,770.

లెక్క: 1, 3 పాస్. 5, 6 ఫెయిల్. 2 మా చేతి తప్పు. 4 గోడ పాస్, వైరింగ్ ఫెయిల్.

పాసైన 1, 3 కూడా ఫాల్ట్ తిన్నవే, అవుట్‌పుట్ కాలినవే. బయటి నుంచి చూస్తే కొత్తవాటిలాగే ఉన్నయి. స్క్రాప్ డబ్బాలో వేస్తే ఎవరో ట్రాక్ అతికించి మళ్లీ ప్యానెల్‌లో బిగిస్తరు; 5వ నంబరు మన దగ్గరికి వచ్చింది అట్లనే. ఆరింటికీ టర్మినళ్లు కోసి, బోర్డు మధ్య నుంచి 8 మిల్లీమీటర్ల డ్రిల్ దింపినం.